ప్రదక్షిణంగా తిరిగిన పంకా

ఒక గృహిణి సొంత ఇంట్లో, ఆమె మామగారు కొని తగిలించిన పంకా ఎటువైపు తిరగాలో నిర్ణయించే అధికారం ఎవరిది?

ఈ ప్రశ్నను ఈ వేసవిలో నేను ఒక ఇంజనీరుగారిని, ఒక సిద్ధాంతిగారిని, ఒక పోలీసు జవానును, చివరకు ఒక ఉపమంత్రివర్యులను అడిగి చూశాను. అందరూ మర్యాదస్థులే. కొందరు కుర్చీ చూపించి మంచినీళ్ళు తెప్పించారు, కొందరు మంచినీళ్ళు తాగి వెళ్ళారు. జవాబు మాత్రం నేటివరకు ఒక్కరూ చెప్పలేదు. అందువల్ల జరిగినదంతా జరిగిన క్రమంలో పత్రికాముఖంగా విన్నవించుకుంటున్నాను. ఎవరినీ తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఒక్క పంకా కోసం ఇంతమంది పెద్దలు ఇంత శ్రమ పడటం నా ఎరుకలో ఇదే ప్రథమం. అంతటి శ్రమ ఎక్కడా నమోదు కాకుండా పోవడం న్యాయం కాదు.

ఎండలు ముదిరిన కొత్తలో నారాయణగూడ చౌరస్తాలో ఒక బహిరంగ సభ జరిగింది. ఆ సభలో ఉపమంత్రి శ్రీ వీరరాఘవరావుగారు 'ప్రజా శీతోష్ణ పథకా'న్ని ప్రకటించారు. వారు ఏ శాఖకు ఉపమంత్రులో సభలో ఎవరూ అడగలేదు, వారూ చెప్పుకోలేదు. నిరాడంబరులు. వేసవిలో చల్లదనం, చలికాలంలో వెచ్చదనం ప్రతి పౌరునికీ పుట్టుకతో వచ్చిన హక్కులని వారు సెలవిచ్చారు. ఇకమీదట ఈ నగరంలో తిరగని పంకా గాని, కాగని బాయిలరు గాని ఉండబోదన్నారు. చెడినదాన్ని ప్రభుత్వమే బాగుచేయిస్తుంది, బాగుపడనిదాన్ని ప్రభుత్వమే మారుస్తుంది, మార్చినదాన్ని ప్రభుత్వమే కాపాడుతుంది. ప్రజల చెమట తుడవడమే తమ జీవిత ధ్యేయమని చెబుతూ వారు తమ చెమట తుడుచుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఎండలో నిలబడినవారు ఆమాత్రం కదలిక కోసం మరికాస్త ఎక్కువసేపు కొట్టారు.

ఇక పంకా సంగతి. అశోక్‌నగర్‌లో, బడిలో టీచరుగా రిటైరైన నేను వెనక వాటా కిరాయికి తీసుకుని ఉంటున్న ఇల్లు రాజకుమారిగారిది. మూడు తరాలుగా ఈ ఊళ్ళో పాతుకున్న కుటుంబం. ముందు హాలు కప్పు చాలా ఎత్తు. ఆ కప్పుకు నిజాం కాలంనాటి పంకా ఒకటి పొడుగాటి గొట్టంతో కిందికంటా వేలాడుతూ ఉంటుంది. దాని రెక్కలు పడవ తెడ్లను తలపిస్తాయి. ఇంటి మొత్తానికి ఉన్న పంకా అదొక్కటే. నా వాటాలో ఉన్నది వట్టివేళ్ళ విసనకర్ర.

రెండు వేసవుల కిందట ఆ పంకాలో కండెన్సర్ పోయింది. అప్పటినుంచి స్విచ్ వేస్తే అది మూలుగుతుంది గాని కదలదు. గొడుగు తిరగేసి, కొసతో ఒక రెక్కను తోస్తే అప్పుడు అందుకుంటుంది. తోయవలసింది ఎడమకు. రెక్కల వంపు అలా ఉన్నది కనుక, అటు తిరిగితేనే గాలి కిందికి వస్తుంది. కుడికి తోస్తే అటూ అంతే ఉత్సాహంతో తిరుగుతుంది గాని గాలి మొత్తం కప్పుకు కొడుతుంది. కండెన్సర్ పోయిన పంకా స్వభావమే అంత. దానికి తనదంటూ ఒక దిశ ఉండదు. మొదట ఎవరు ఎటు తోస్తే అటు తిరుగుతుంది, మధ్యలో మనసు మార్చుకోదు. ఇది కేవలం యంత్రశాస్త్ర విషయం.

ఆ పంకా కింద సాయంత్రాలు కూర్చుని చదువుకునే అమ్మాయి పేరు కుసుమ. తుని నుంచి వచ్చి మేడమీది రేకుల గదిలో ఉంటోంది. హిమాయత్‌నగర్‌లో ఒక ఆఫీసులో తాత్కాలిక గుమాస్తా. డిపార్ట్‌మెంటు పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఖాయమవుతుంది. ఈసారి తప్పితే తీసివేస్తామని పైవారు ముందే చెప్పారు. అప్పుడు ఆమె తుని వెళ్ళి, అన్నగారింట్లో ఊకపొయ్యి ముందు కూర్చోవాలి. ఆఫీసునుంచి వచ్చేసరికి బాగ్ లింగంపల్లిలో గ్రంథాలయం మూసివేస్తారు. మే నెలలో రేకుల గదిలో దీపం వెలిగించుకుని చదవడం మనుషులకు సాధ్యం కాదు, అప్పడాలకు సాధ్యం. కనుక ఆమెకు మిగిలింది రాజకుమారిగారి హాలు, ఆ పంకా. పరీక్షలో మొదటి పేపర్లు రాసేసింది. లెక్కల పేపరు ఒక్కటే మిగిలి ఉంది. ఆమెకు భయం ఉన్నదీ దానిమీదే.

పిల్ల చదువుకునే వేళ మాటిమాటికీ కరెంటు పోవడం, వచ్చినప్పుడల్లా గొడుగు వెతకడం చూసి విసిగిన రాజకుమారిగారు, ఒకనాడు పొద్దున్నే కండెన్సర్ కోసం కోఠి బయలుదేరారు. గేటు దగ్గర విఠల్ ఎదురయ్యాడు. విఠల్ మా వార్డులో పార్టీ కార్యకర్త. ఈ వీధిలోనే పుట్టి, రాజకుమారిగారి చేతి రొట్టె తిని పెరిగినవాడు.

"ఏడికక్కా, గింత ఎండల?"

"కోఠికి పోతున్న. పంఖాకు కండెన్సర్ తేవాలె. పొల్లకు పరీక్షున్నది."

"జర సబర్ చెయ్యక్కా. సర్కార్ బాగచేయిస్తనంటే నువ్వెందుకు పరేషానైతవ్?"

అతను లోపలికి వచ్చి, గొడుగు తీసుకుని పంకాను తోసి చూశాడు. అది తిరిగింది. ఆపించి మళ్ళీ తోశాడు. మళ్ళీ తిరిగింది. అతని ముఖంలో అంతటి ఆనందం మునిసిపల్ ఎన్నికల ఫలితాలప్పుడు కూడా నేను చూడలేదు.

బర్కత్‌పురలో ఇదే పథకం కింద ఒక ఇంటి పంకాకు ప్రారంభోత్సవం జరిగిందట. ఉపమంత్రిగారు స్విచ్ నొక్కారట. స్విచ్ గోడకు ఉంటుంది కనుక, ఫోటోలో వారి వీపు ఒక్కటే పడిందట. ఇక్కడ అలా కాదని విఠల్ వివరించాడు. ఇక్కడ ఉపమంత్రిగారు దండం చేతబట్టి, తల పైకెత్తి, కదలకుండా పడివున్న చక్రాన్ని స్వహస్తాలతో ముందుకు నడిపిస్తారు. ఫోటోలో ముఖం, చెయ్యి, దండం, చక్రం అన్నీ పడతాయి.

బాగుచేసిన తరువాత కదా ప్రారంభోత్సవం అని నేనడిగాను.

"బాగచేస్తే ఇగ సార్ తోసేదేముంటది, టీచరమ్మా?" అన్నాడు విఠల్.

ప్రారంభోత్సవం కాగానే అదే వేదికమీద, అందరూ చూస్తుండగా, కొత్త కండెన్సర్ బిగిస్తారని అతను మాట ఇచ్చాడు. తన చేతి రొట్టె తిన్నవాడు కదా అని రాజకుమారిగారు చేతిసంచి మేకుకు తగిలించారు.

మరునాడు జోగారావుగారు తనిఖీకి వచ్చారు. వీరు పథకానికి ఇంజనీరు. కాకినాడ ప్రాంతంవారు, చదువుకున్నవారు, తెల్లచొక్కా నలగనివారు. పంకాను కిందనుంచి, పక్కనుంచి, స్టూలు ఎక్కి పైనుంచి పరిశీలించారు. మీరు దీన్ని ఏ వైపుకు తోస్తుంటారని అడిగారు. ఎడమకు అని కుసుమ చెప్పింది. జోగారావుగారు స్టూలు దిగి, దానిమీదే కూర్చుండిపోయారు.

పార్టీ నిలువునా చీలిన సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఒక వర్గాన్ని కుడివారని, మరొక వర్గాన్ని ఎడమవారని పత్రికలు పిలుస్తున్నాయి. వీరరాఘవరావుగారు ఏ వర్గమో ఎవరికీ తెలియదు. వారికైనా తెలుసునేమోనని కొందరు అనుమానించారు గాని, ఆ అనుమానం నిరాధారం. అటువంటి స్థితిలో వారు వార్తాహరుల ఎదుట ఒక చక్రాన్ని ఎడమకు తిప్పడమంటే మాటలు కాదు.

జోగారావుగారు చాలాసేపు ఆలోచించి ఒక ఉపాయం చెప్పారు. కిందనుంచి చూసేవారికి ఎడమకు తిరిగే పంకా, పైనుంచి చూసేవారికి కుడికి తిరుగుతుంది. ప్రజలు కిందనుంచి చూస్తారు, ప్రభుత్వం పైనుంచి చూస్తుంది. కాబట్టి ఎడమకే తోసి, కుడికి తోసినట్టు ఫైలులో రాసుకోవచ్చు. ఇంత సూక్ష్మమైన ఆలోచన చేయగలవారు మన ప్రభుత్వోద్యోగంలో ఉన్నారని తెలిసి నాకు సంతోషం కలిగింది. అయితే ఫోటోగ్రాఫరు కప్పుమీద కూర్చోలేడని విఠల్ అభ్యంతరం చెప్పాడు.

చివరకు పార్టీ కార్యాలయంలో ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. శుభకార్యంలో ఏది తిరిగినా ప్రదక్షిణంగానే తిరగాలి. గుడిలోనైనా, హోమం చుట్టూనైనా, పంకా అయినా. ఎడమకు తిరగడం ఏ కర్మలో చేస్తారో నోటితో చెప్పవలసిన పనిలేదన్నారాయన. జోగారావుగారు లేచి ఆయనకు నమస్కరించారు. శాస్త్రం కుడికి తోయమన్నది, పార్టీ కాదు. ఎవరడిగినా అదే సమాధానం.

కుసుమ ఉండబట్టలేక, "అటు తోస్తే గాలి పైకి పోతుందండీ," అంది.

"చూడమ్మాయ్," అన్నారు జోగారావుగారు దయగా, "గాలి ఎటు పోతుందన్నది సెకండరీ పాయింటు. ముందు ఫ్యాను తిరగనియ్యండి."

పంకా ఎటు తిరగాలో నిర్ణయించే అధికారం ఎవరిదని నేను మొదటిసారి అడిగింది అప్పుడే. సిద్ధాంతిగారు శాస్త్రానిదన్నట్టు ఇంజనీరుగారివైపు చూశారు. ఇంజనీరుగారు ప్రభుత్వానిదన్నట్టు సిద్ధాంతిగారివైపు చూశారు. ఇద్దరూ మంచినీళ్ళు తాగి వెళ్ళారు.

ప్రారంభోత్సవం అట్టహాసంగా జరిగింది. హాలు నిండా కుర్చీలు, గుమ్మానికి తోరణాలు. వీధిలో దుమ్ము రాకుండా కిటికీలన్నీ మూయించారు. రాజకుమారిగారి గొడుగు ప్రభుత్వ గౌరవానికి తగదని టేకు దండం ఒకటి తెప్పించి, పైనుంచి కిందివరకు వెండికాగితం చుట్టారు. సిద్ధాంతిగారు మంత్రం అందుకోగానే ఉపమంత్రిగారు దండమెత్తారు. ఎత్తి, క్షణకాలం ఆగారు. ముందువరసలో కుడివైపు ఒకరు గొంతు సవరించుకున్నారు. ఎడమవైపు మరొకరు దగ్గారు. ఉపమంత్రిగారి నుదుట ఆ క్షణంలో పట్టిన చెమటను, ప్రజల చెమటగా లెక్కవేయాలో వారి సొంతంగా లెక్కవేయాలో నాకు తెలియదు. "ప్రదక్షిణం, ప్రదక్షిణం," అని సిద్ధాంతిగారు చెవిలో అన్నారు. వారు కళ్ళు మూసుకుని కుడికి తోశారు. పంకా తిరిగింది. చప్పట్లు మోగాయి. ఫోటో దివ్యంగా వచ్చింది.

గాలి రాలేదు. కప్పుమీద పేరుకున్న మామగారి కాలంనాటి బూజు మాత్రం సన్నగా, నిదానంగా, పూలవానలాగా అతిథులమీద రాలింది. నేను కుసుమ చదువుకునే బల్లవైపు చూశాను. దానిమీద తెరిచి ఉన్న లెక్కల పుస్తకంలో ఒక్క కాగితం కదలలేదు.

అప్పుడు ఉపమంత్రిగారు కుర్చీలో వెనక్కు వాలి, "ఆహా, ప్రాణం లేచివచ్చింది," అన్నారు.

ఆ మాటతో హాలంతటికీ ప్రాణం లేచివచ్చింది. గాలి గోదావరి గట్టుమీది గాలిలాగా ఉందని జోగారావుగారన్నారు. ఒక పెద్దమనిషి జుట్టు సర్దుకున్నారు. ఇంకొకరు ఎగిరిపోకుండా కండువా పట్టుకున్నారు. విఠల్ ఒక అడుగు ముందుకేసి, సార్‌కు చలి పెడుతున్నట్టున్నది, శాలువా కప్పండ్రి అన్నాడు. కప్పారు. ఉపమంత్రిగారు మే నెల సాయంత్రం, కిటికీలు మూసిన గదిలో, కాశ్మీరు శాలువా కప్పుకుని ప్రజల ఉక్కపోతపైన సుదీర్ఘంగా ప్రసంగించారు. మధ్యలో ఒకసారి తుమ్మారు కూడా. వారి పట్టుదల అపూర్వం.

తరువాత కండెన్సర్ వచ్చింది. వెండిపళ్ళెంలో, పసుపు కుంకుమలతో, ఎర్ర రిబ్బను కట్టుకుని వచ్చింది. పళ్ళేన్ని అందరికీ చూపించి జీపువైపు తీసుకువెళుతుంటే రాజకుమారిగారు అడ్డం నిలబడ్డారు.

"ఏంది విఠల్, బిగించకనే పట్కపోతున్రు?"

విఠల్ ఆమెను పక్కకు తీసుకువచ్చి, నేను వినేంత మెల్లగా చెప్పాడు. "కండెన్సర్ ఏస్తే పంఖా ఎప్పటికి ఎడమకే తిరుగుతదంటక్కా. ఇంజనీర్ సాబ్ చెప్పిండు. పార్టీల ఫైసలా కాకముందే పంఖాకు ఫైసలా అయితే ఎట్ల చెప్పు?"

"నా ఇంట్ల పంఖాకు మీ ఫైసలా ఏందిరా?"

"ఇగ నీ పంఖా ఏడిదక్కా. పథకంది."

జీపు వెళ్ళింది. బర్కత్‌పురలోనూ అదే పళ్ళెం, అదే రిబ్బను చూశామని ముందువరసలోని వారెవరో అంటుండగా విన్నాను. నేను ధ్రువీకరించలేను.

ఆనాటినుంచి పంకాకు బందోబస్తు ఏర్పడింది. ఆశన్న అనే పోలీసు జవాను వచ్చి హాలులో స్టూలు వేసుకున్నాడు. స్విచ్ మీద లక్కముద్ర పడింది. ఎందుకంటే, ప్రారంభోత్సవం జరిగినదాన్ని ఆపడం ప్రభుత్వాన్ని ఆపడంతో సమానం. ఆశన్న పని ఏమిటంటే, రోజూ పొద్దునా సాయంత్రం ఎదురింటి టెలిఫోనులో పంకా ఎటు తిరుగుతున్నదో పైకి చెప్పడం. "కుడికే, సార్," అని అరవడం, అరిచి వచ్చి మళ్ళీ స్టూలుమీద కూర్చోవడం. మంచి మనిషి. నా ప్రశ్న అతన్నీ అడిగితే, పైవారిని కనుక్కుని చెబుతానన్నాడు. ఒకసారి టోపీ తీసి విసురుకుంటూ, పంఖా కింద కంటె బయటనే నయమున్నది టీచరమ్మా, ఈ సంగతి పైకి చెప్పమన్నరో వద్దో అడగలె అన్నాడు. కుసుమ నెత్తిన తడితువాలు వేసుకుని లెక్కలు చేసేది. తువాలు అంచునుంచి కారిన నీళ్ళకు కూడిక తీసివేతలు కలిసిపోయేవి.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. పంకా ఆగింది. ఆశన్న చౌరస్తాలోని ఇరానీ హోటలుకు టీకి వెళ్ళాడు. అతను తిరిగి రాకముందే కరెంటు వచ్చింది. పంకా మూలిగింది. రాజకుమారిగారు వంటింట్లోనుంచి వచ్చి, పైకి ఒకసారి, బల్ల దగ్గరి పిల్లవైపు ఒకసారి చూశారు. మూలనున్న గొడుగు తీసి ఎడమకు ఒక్క తోపు తోసి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

గాలి వచ్చింది. కుసుమ కాగితాలు హాలంతా ఎగిరాయి. ఆమె నవ్వుతూ వాటిని ఏరుకుని, వాటిమీద సన్నికల్లు పొత్రం పెట్టి కూర్చుంది. అన్నానికి పిలిచినా లేవలేదు. వారం రోజులుగా కుదరని లెక్క ఒకటి ఆ సాయంత్రం కుదిరింది. ఆశన్న వచ్చి స్టూలుమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు హాయిగా నిట్టూర్చాడు. ఎందుకు హాయిగా ఉన్నదన్న అనుమానం అతనికి కాస్త ఆలస్యంగా వచ్చింది. తలెత్తి చూసి, చెప్పులు వదిలేసి ఎదురింటి టెలిఫోనుకు పరుగెత్తాడు.

మరునాటి పత్రికలో మొదటి పేజీలోనే పడింది: 'ఉపమంత్రి ఎడమకు మొగ్గు. అశోక్‌నగర్ పంకా సాక్ష్యం.' పది గంటలయ్యేసరికి ఎడమవర్గంవారు దండలతో ఉపమంత్రిగారి ఇంటికి చేరారట. ఉపమంత్రిగారు నిద్రలేచి వరండాలోకి వచ్చేసరికి మెడలో దండ పడిందట. దండ వేసినవారిని నొప్పించడం వారి స్వభావంలో లేదు. తాము మొదటినుంచీ ఎడమవైపే ఉన్నామని, సమయం కోసం వేచి ఉన్నామని ప్రకటించారు.

ఇది తెలిసి కుడివర్గంవారు మా ఇంటికి వచ్చారు. పెద్ద మనుషులు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, రాజకుమారిగారికి నమస్కరించి, స్విచ్‌బోర్డు లక్కముద్ర విప్పించి, పంకాను ఆపి కుడికి తోసి వెళ్ళారు. మరునాడు పత్రికలో అది పడింది, మళ్ళీ దండలు పడ్డాయి, మళ్ళీ ప్రకటన వెలువడింది. ఆపై ఎడమవారు వచ్చారు. ఆ రెండు మూడు రోజులు మా హాలులో జరిగినన్ని సంప్రదింపులు అసెంబ్లీ లాబీలో కూడా జరగలేదని విఠల్ గర్వంగా చెప్పాడు. ఎవరు వచ్చినా, రాజకుమారిగారు గ్లాసుల్లో మజ్జిగ పోయవలసి వచ్చింది. ఎడమవారు వచ్చి వెళ్ళిన సాయంత్రాలు కుసుమ చదివింది. కుడివారు వచ్చి వెళ్ళిన సాయంత్రాలు చదవలేదు. నాకు రాజకీయాలతో నిమిత్తం లేదు. రెక్కల వంపు గురించే చెబుతున్నాను.

చివరకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉపమంత్రిగారు తుది నిర్ణయం ప్రకటించేవరకు ఇంటివాళ్ళెవరూ పంకాను తోయరాదు. అయితే పథకం ఆగినట్టు కనిపించకూడదు కనుక స్విచ్ వేసే ఉంచాలి. రాజకుమారిగారి గొడుగును, బూజుకర్రను, దండెంమీద బట్టలు తీసే గడను స్వాధీనం చేసుకున్నారు. ఆమె ఆ గొడుగుకోసం కొంచెం పెనుగులాడారు. వానలు రావా అని అడిగారు. వానాకాలానికి వేరే పథకం ఉందని విఠల్ చెప్పాడు.

కాబట్టి ఇప్పుడు పంకా తిరగదు, ఆగదు. రాత్రింబవళ్ళు మూలుగుతూ ఉంటుంది. మూలుగుతున్నకొద్దీ వేడెక్కుతుంది. స్టూలు ఎక్కి దాని పొట్టమీద చెయ్యి వేసి చూస్తే అట్లపెనం గుర్తుకు వచ్చింది. ఈ సంగతి జోగారావుగారికి కబురు చేశాను. వారు వచ్చి, తామూ చెయ్యి వేసి చూసి, చటుక్కున తీసుకుని, పథకం పేరులో ఉష్ణం కూడా ఉన్నదని నాకు గుర్తుచేశారు. చలికాలానికి ఏర్పాట్లు ఇంత ముందుగా మొదలైన ఇల్లు నగరంలో ఇదొక్కటేనట.

ఆ సాయంత్రం కుసుమ పుస్తకాలు ట్రంకుపెట్టెలో సర్దడం చూశాను. ఎక్కడికని అడిగాను.

"తుని వెళ్ళిపోతాను మామ్మగారూ," అంది. "అక్కడ ఊకపొయ్యి వేడి ఎందుకు పుడుతుందో అయినా తెలుస్తుంది. అన్నం ఉడకడానికి."

రాజకుమారిగారు మేకుకు తగిలించిన చేతిసంచి తీసుకుని, "నడువు టీచరమ్మా," అన్నారు. ఇద్దరం బర్కత్‌పుర వెళ్ళాం.

ఉపమంత్రిగారి ఇంట్లో ముందు రెండు గదులున్నాయి, మధ్య వరండా. కుడి గదిలో కొందరు దండలతో కూర్చుని ఉన్నారు. ఎడమ గదిలో మరికొందరు దండలతో కూర్చుని ఉన్నారు. రెండు గదుల్లోనూ పంకాలు చక్కగా తిరుగుతున్నాయి. ఉపమంత్రిగారు మధ్య వరండాలో, పంకా లేని చోట, పేముకుర్చీలో కూర్చుని, మడిచిన పత్రికతో విసురుకుంటున్నారు. పత్రిక మొదటి పేజీలో మా పంకా ఫోటో ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. కుర్చీలు వేయించారు. మంచినీళ్ళు తెప్పించారు. ఒకమోస్తరు ఎత్తు మనిషి, మెత్తని గొంతు, కళ్ళకింద నిద్రలేమి. దగ్గరగా చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది.

రాజకుమారిగారు కుసుమ సంగతి చెప్పారు. పరీక్ష ఆదివారమని, కండెన్సర్ మేమే తెచ్చుకుంటామని, ఒక్క మాట సెలవిస్తే చాలునని చెప్పారు. నేను నా ప్రశ్న అడిగాను. ఒక గృహిణి ఇంట్లో పంకా ఎటు తిరగాలో నిర్ణయించే అధికారం ఎవరిది?

ఉపమంత్రిగారు కుడి గదివైపు చూశారు. ఎడమ గదివైపు చూశారు. కుర్చీ మావైపు కొంచెం జరుపుకుని, ఎవరికీ వినబడకుండా అడిగారు.

"అమ్మా, నిజం చెప్పండి. మీ ఇంట్లో పంకా ఇప్పుడు ఎటు తిరుగుతోంది?"

"తిరుగుతలేదు సార్," అన్నారు రాజకుమారిగారు. "మీ హుకుం కోసం ఆగింది."

వారి చేతిలోని పత్రిక విసరడం మానింది.

"అయ్యో," అన్నారు. "నేను దానికోసమే ఆగానమ్మా."

మేము మంచినీళ్ళు తాగి వచ్చేశాం.

పరీక్ష ఆదివారం. ట్రంకుపెట్టెకు ఇంకా తాళం పడలేదు. మా ఇంట్లో ఒక కర్ర గాని, గొడుగు గాని లేదు. ఆశన్న రోజూ నాలుగింటికి టీకి వెళతాడు, ఈమధ్య రెండో కప్పు కూడా తాగుతున్నాడు. పంకాను ఇంటివాళ్ళు తోయరాదని ఉత్తర్వులో ఉంది. దారినపోయేవారి ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివి చూశాను. కాబట్టి, ఇంతవరకు చదివిన మీరు, ఈ పత్రిక మడిచి పక్కన పెట్టండి. మీ గొడుగు తీసుకుని రేపు నాలుగింటికి అశోక్‌నగర్ రండి. తలుపు తీసే ఉంటుంది. హాలులోకి వచ్చి, పంకాను ఎడమకు తోసి వెళ్ళండి. ఎటు తోయాలని మాత్రం దారిలో ఎవరినీ అడగకండి.